అతుకుల గిన్నె

మొన్న మా మనవరాలు ఫోను తెచ్చి నా కళ్లముందు పెట్టింది. అందులో ఎవరో మనిషి రంగురంగుల చెక్కముక్కలను గుండ్రంగా పేర్చి, జిగురు పూసి, కరెంటు యంత్రానికి బిగించి తిప్పుతున్నాడు. ఉలి తాకించగానే పొట్టు దారాల్లా లేస్తోంది. "చూడు అమ్మమ్మా, ముక్కలన్నీ అతికించి గిన్నె చేస్తున్నడు. మస్తున్నది కదా" అంది. మస్తుగానే ఉంది. కానీ వాడు జిగురు డబ్బా మూత తీసినప్పటి నుంచీ నాకు కూర్చోబుద్ధి కాలేదు. లేచి వాకిట్లోకి పోయి, ఆరిన బట్టలు తీసి దులిపి, మళ్లీ తీగ మీదే వేసి వచ్చాను. "ఏమైందే నీకు" అని అడిగింది. ఏం కాలేదు పొమ్మన్నాను. ఆ కథంతా కూర్చుని వినే ఓపిక దానికి లేదు, కూర్చుని చెప్పే నిదానం నాకూ లేదు. రాస్తే మధ్యమధ్యలో లేచి తిరిగి రావచ్చు కదా అని రాస్తున్నాను.

మా బాపు తరిమెన పట్టేవాడు. ఈ కాలం పిల్లలకు తరిమెన అంటే తెలియదు. రెండు గుంజల మధ్య ఒక కొయ్య మొద్దు అడ్డంగా తిరుగుతుంది. దానికి తోలు తాడు రెండు చుట్లు చుట్టి, ఎదురుగా కూర్చున్న మనిషి రెండు కొసలూ పట్టుకుని ఒకసారి ఇటూ ఒకసారి అటూ గుంజుతాడు. మొద్దు చివర లక్కతో అతికించిన చెక్క గిర్రున తిరుగుతుంటే బాపు ఉలి ఆనించి చెక్కుతాడు. చెక్క తన వైపు తిరిగినప్పుడే ఉలి ఆనాలి, వెనక్కి తిరిగేటప్పుడు లేవాలి. గుంజేవాళ్లు తొందరపడ్డారా, ఉలి ఎగిరి చేతినైనా కొస్తుంది, చెక్కనైనా పగలగొడుతుంది. మంచం కోళ్లు, కుంకుమ భరిణెలు, చిలుక కొయ్యలు, పిల్లల బొంగరాలు, అన్నీ ఆ తాడు మీదే పుట్టేవి. వేడెక్కిన లక్క వాసన మా ఇంట్లో అన్నానికీ అంటుకుని ఉండేది.

తాడు గుంజేది మా అన్న. నాకంటే తొమ్మిదేళ్లు పెద్ద. వాడు గుంజుతుంటే బాపు కళ్లు మూసుకుని కూడా చెక్కేవాడు. నన్ను తాడు ముట్టుకోనిచ్చేవాళ్లు కాదు. "దీనికి పుట్టినప్పుడే కాళ్లకు చక్రాలు కట్టిన్రు బాపూ, ఇది గుంజితే చెక్క దంతాలపల్లిల పడ్తది" అనేవాడు అన్న. నేను ఉక్రోషంతో వాడి వీపు మీద గుద్దితే, "ఇంకో రెండు గుద్దు, నడుము పట్టేసింది" అని వంగి చూపించేవాడు.

అది మా దిక్కు ఊళ్లన్నీ ఉడికిపోతున్న కాలం. సంఘం పెట్టుకున్నారు, ఇక వెట్టి చేసేది లేదన్నారు, దొర గడి విడిచి పట్నం పారిపోయాడు. ఆ గడిలోనే సిపాయిల క్యాంపు దిగింది. ఊళ్లో ఎవరి కాలూ ఒకచోట నిలిచేది కాదు. ఆడవాళ్లు నీళ్లకు పోయి కుండ నిండకముందే వచ్చేసేవాళ్లు. మగవాళ్లు చేలో నాగలి ఆపి రోడ్డు వైపు చూసేవాళ్లు. మా ఇంటి ఎదురుగా గొంగళ్లు నేసే తాత ఉండేవాడు. రోజూ మగ్గం దగ్గరి నుంచే "ఏమన్న తెలిసిందా" అని కేకేసేవాడు. ఏం తెలియాలో ఆయనకూ తెలియదు.

సంఘం వాళ్ల బరిసెలకు కర్రలు నునుపు పట్టి ఇచ్చింది మా బాపే. అది ఎవరో చెప్పారు. ఒక పొద్దున సిపాయిలు వచ్చి రెండు కర్రలు వాకిట్లో పడేసి, ఇవి ఎవరు చేశారని అడిగారు. బాపు నోరు తెరిచేలోపే అన్న "నేనే చేసిన" అన్నాడు. బాపు "కాదు సాబ్, వాడు తాడు గుంజుతడు గంతే" అని ముందుకొచ్చాడు. అన్న బాపు వైపు చూడకుండా "ముసలోడు కొడుకును కాపాడుకోను అట్ల చెప్తున్నడు" అన్నాడు. మా బాపు అప్పటికి ముసలివాడేం కాదు. వాళ్లు అన్ననే నమ్మారు. వాణ్ని జబ్బ పట్టుకుని తీసుకుపోతుంటే అవ్వ, అంటే మా అమ్మ, వెంటపడి సందు చివరిదాకా ఉరికింది. నేను గుమ్మంలో నిలబడి చూశాను. మా అవ్వ అంత వేగంగా ఉరకగలదని నాకు ఆ రోజే తెలిసింది.

ఆ తర్వాత మా ఇంట్లో ఎవరికీ కాలు నిలవలేదు. అవ్వ ఊడ్చిన వాకిలే మళ్లీ ఊడ్చేది. "తింటున్నడో లేదో, కొడుతున్నరో ఏమో" అని గోడకు చెప్పుకునేది. బాపమ్మ, అంటే మా బాపును కన్నతల్లి, చూపు సరిగా ఆనకపోయినా గడపకూ తడికకూ మధ్య తిరుగుతూ ఎవరి అడుగు చప్పుడైనా "వచ్చిండా" అని అడిగేది. బాపు తరిమెన ముందు కూర్చుని లేచేవాడు, మళ్లీ కూర్చునేవాడు. గుంజేవాడు లేడు కదా.

నాలుగు రోజులకు ఆ సిపాయిల జమేదారు సోదాకు వచ్చాడు. మా ఇంట్లో సోదా చేయడానికి ఏముంది, రెండు కుండలు, ఒక గాదె. అతను తరిమెన చుట్టూ తిరిగి, నేను ఆడుకునే చిన్న లక్కగిన్నె చేతిలోకి తీసుకుని చూశాడు. వచ్చీరాని తెలుగులో, తన ఊళ్లో ఇలాంటివి పెద్దవి ఉంటాయనీ, ఇంటికి పంపించుకోవడానికి తనకొకటి కావాలనీ చెప్పాడు. జానెడున్నర వెడల్పని చేతులతో చూపించాడు. "తొర్రూరు అంగడి రోజుకు తెస్తివా, నీ కొడుకు ఇంటికొస్తడు" అన్నాడు. అంగడికి ఎనిమిది రోజులుంది. అవ్వ అతని కాళ్ల మీద పడబోయింది. బాపు ఆపాడు.

అతను వెళ్లాక బాపు తల పట్టుకున్నాడు. అంత గిన్నెకు అంత లావు మొద్దు కావాలి. అడవికి పోతే సంఘం వాడని కాల్చేస్తున్నారు. ఊళ్లో ఉన్న పెద్ద దూలాలన్నీ గడిలోకి ఎప్పుడో పోయాయి. సాయంత్రందాకా వాకిట్లో పచార్లు చేసి, చివరికి "అతుకుతా" అన్నాడు. "గంత పెద్దది అతుకులతోటి నిలుస్తదా" అంది అవ్వ. "బండి చక్రం నిలుస్తలేదా" అన్నాడు బాపు.

ముక్కలకు వెతుకులాట మొదలైంది. విరిగిన టేకు తలుపు రెక్క ఒకటి దొరికింది. పాత బండి చక్రంలోంచి తుమ్మ ఆకులు, అదే చక్రం పుల్లలు, నాలుగు వచ్చాయి. ఇంకా చాలలేదు. బాపమ్మ తన మంచం మీది బొంత తీసి కింద పరిచి, "ఏప కోళ్లున్నయి కదరా, కోసుకో. నాకు నేల సల్లగుంటది" అంది. బాపు మంచం విప్పాడు.

చెక్క మీద మేకు కొట్టి, దారం కట్టి, బొగ్గుతో గుండ్రంగా గీశాడు. తర్వాత అదే దారం పొడుగును గీత మీద చుట్టూ కొలుచుకుంటూ పోయాడు. సరిగ్గా ఆరుసార్లు పట్టింది. ఎంత పెద్ద గుండ్రమైనా ఆరుసార్లే పడుతుందట. నేను నమ్మక నేల మీద గీసి చూశాను, నిజమే. ఆ ఆరింటినీ సగం చేస్తే పన్నెండు. టేకు, తుమ్మ, వేప మార్చి మార్చి, వరుసకు పన్నెండు ముక్కలు, అలాంటివి మూడు వరుసలు, అడుగుకు ఒక పలక. ఒక్కో ముక్క అంచును రాయి మీద అరగదీసి, రెండు కలిపి ఎండకు ఎత్తిపట్టి నన్ను చూడమనేవాడు. "ఎలుగు కనబడ్తున్నదా" అని అడిగేవాడు. కనబడుతోందంటే మళ్లీ రాయి మీదికే. నేను విసుగెత్తి ఒకసారి కనబడకపోయినా కనబడుతోందన్నాను. అది కూడా మళ్లీ అరగదీశాడు.

ఇక జిగురు. మామూలుగా అయితే సరేసు వాడేవాడు. అది అమ్మే దుకాణం మూతపడింది. "చింతగింజల జిగురు పెడ్త, లక్క మీదికెల్లి పూస్తే నీళ్లకూ ఆగుతది" అన్నాడు బాపు. ఆ జిగురు చేయడం బాపమ్మ పని. గింజలు వేయించి, పొట్టు పోగొట్టి, నానబెట్టి రుబ్బి, నీళ్లు పోసి పలచన చేసి, గరిటె నిలబడేదాకా కలుపుతూ ఉడికించాలి. బాపమ్మ గింజలు వేయించి చాటలో పోసి నా ముందు పెట్టింది. "పొట్టు తీసి సోలెడు పప్పు నానెయ్యి బిడ్డ, తక్కువ గావొద్దు" అని చెప్పి, ఎవరో వస్తున్న చప్పుడైందని తడిక దగ్గరికి పోయింది.

అప్పట్లో మేం పొద్దున ఒకసారి జొన్నగటక తినేవాళ్లం, మళ్లీ పొద్దుగూకాకే. వేయించిన చింతగింజల వాసన తెలిసినవాళ్లకు నేను చెప్పక్కర్లేదు. ఒకటి బుగ్గన పెట్టుకున్నాను. ఒకటే అనుకున్నాను. అది నానుతూ ఉండగా ఇంకోటి. పటుక్కున కొరికి నములుతుంటే కడుపులోని కాకులు కాస్త ఊరుకున్నాయి. గింజలు ఒలుస్తూ, నములుతూ, సందులోకి తొంగిచూస్తూ, లేస్తూ కూర్చుంటూ ఉన్నాను. చూసుకునేసరికి సోలలో సగం లేదు. గాదె పక్కన కుండలోంచి రెండు గుప్పిళ్ల జొన్నపిండి తెచ్చి, పప్పు నానిన నీళ్లలో కలిపేశాను. బాపమ్మ కళ్లకు అంతా ఒకటే తెలుపు. రుబ్బింది, కాచింది. బాపు వేలితో తీసి బొటనవేలికి రాసి చూసి, "జిగట తక్కువున్నదే" అన్నాడు. "గింజలు పాతయిరా" అంది బాపమ్మ. ఆమె మనసులోనూ అదే ఉంది, పాపం.

ముక్కలు అతికించి, చుట్టూ తాడు బిగించి, కర్రతో మెలిపెట్టి రెండు రోజులు నీడన ఆరబెట్టాడు. ఆ రెండు రోజులూ నేను దాని చుట్టూ తిరుగుతూనే ఉన్నాను. అంగడికి రెండు రోజులుందనగా తాడు విప్పి తరిమెనకు ఎక్కించాడు. గుంజమని నన్ను కూర్చోబెట్టాడు. ఎన్నాళ్లుగానో కావాలనుకున్న తాడు చేతికొస్తే రెండు కొసలూ గట్టిగా పట్టుకున్నాను. "జర నిమ్మలంగ గుంజు బిడ్డ. నా మొకం సూడు, తాడును సూడకు" అన్నాడు. పది పన్నెండు గుంజుళ్లు బాగానే సాగాయి. పొట్టు లేచింది. మూడు రంగులు కలిసి తిరుగుతుంటే నాకు నవ్వొచ్చింది కూడా. అంతలో టప్పున చప్పుడైంది. ఒక వేప ముక్క ఊడి బాపు కనుబొమ్మ మీద తగిలి ఎగిరిపోయింది. ఇంకా రెండు తుమ్మ ముక్కలు నోళ్లు తెరిచాయి.

అవ్వ ఉరికొచ్చి నా వీపు మీద రెండు వేసింది. "కుదురుగ గుంజుమంటె గుర్రాలు తోలుతున్నవానే" అంది. బాపు రక్తం తుడుచుకుంటూ ఊడిన ముక్క ఏరుకుని అతుకు వైపు గోటితో గీకాడు. పొడి పొడిగా రాలింది. నాలుక మీద వేసుకున్నాడు. "జొన్నపిండి" అన్నాడు.

నేను తాడు కొసలు వదిలేశాను. అప్పుడు గోడకు ఆనుకున్న బాపమ్మ, "నేనే తిన్నరా గింజలు. ఆకలైంది. తక్కువైతయని పిండి కలిపిన" అంది. బాపు తన తల్లి మొహం వైపు చూశాడు. ఆమె నోట్లో ఒక్క పన్ను లేదు. గటక కూడా నీళ్లు పోసుకుని మింగే మనిషి. బాపు ఒక్కసారి పక్కకు తిరిగి నవ్వాడు. అన్నను తీసుకుపోయాక ఆయన నవ్వడం అదే మొదలు. మరుక్షణం కళ్లు తుడుచుకుని, "ఏం జేస్తమే, మళ్ల అతుకుదం" అన్నాడు. నేను గోడ చాటుకు పోయి ఏడ్చాను.

గొంగళ్లకు గంజి పెట్టడానికి ఎదురింటి తాత దగ్గర ఎప్పుడూ చింతగింజల కుండ ఉంటుంది. ఆయన అడక్కుండానే కుండెడు జిగురు తెచ్చి పెట్టాడు. బాపు ముక్కలన్నీ ఊడదీసి, పాత పిండి గీకి, ఈసారి ప్రతి అతుకులోనూ వెదురు చీలలు దిగ్గొట్టి మళ్లీ అతికాడు. కానీ జిగురు ఆరడానికి ఎంతకాలం పడుతుందో అంతకాలం పట్టింది. ఎవరి తొందరనూ అది పట్టించుకోదు. అంగడి రోజు బండ్లు తొర్రూరు వైపు పోతుంటే మేం వాకిట్లో కూర్చుని తాడు బిగించిన గిన్నెను చూస్తూ ఉన్నాం. అవ్వ పదిసార్లు ముట్టుకుని చూసింది. "ఇయ్యాల్టికే తెమ్మన్నడు కద" అంది. "రెండు దినాలకు ఏమైతది, సాబ్‌కు చెప్పుకుందం" అన్నాడు బాపు.

మర్నాడు మళ్లీ నేను గుంజాను. ఆ రోజంతా బాపు మొహం మీది నుంచి నా చూపు పక్కకు పోలేదు. ఒంట్లో ఎక్కడెక్కడ దురద పెట్టినా కదల్లేదు. గిన్నె దిగింది. లోపలా బయటా లక్క పట్టించి, తాటాకుతో రుద్దితే మెరిసింది. వేప ఎర్రగా, టేకు పచ్చగా, తుమ్మ నల్లగా. ఎంత బాగుందంటే, దాన్ని ఇచ్చేయాలంటే నాకు మనసొప్పలేదు, ఆ పరిస్థితిలో కూడా.

తెల్లారి గిన్నెను గొంగట్లో చుట్టుకుని క్యాంపుకు బయల్దేరాం. ఒంటరి మగవాడు పోతే లోపలే ఉంచుకుంటారని, చిన్నపిల్ల వెంట ఉంటే మంచిదని తాత చెప్పాడట. అవ్వ అన్న కోసం సజ్జ రొట్టె, మిరపకాయ తొక్కు మూటగట్టి నాకిచ్చింది. గడి గేటు దగ్గర సిపాయి మమ్మల్ని ఆపి, గొంగడి విప్పించి, జమేదారును పిలిచాడు. జమేదారు గిన్నెను అటూ ఇటూ తిప్పి చూశాడు. వేలితో కొట్టి విన్నాడు. వంటవాడిని పిలిచి నిండా నీళ్లు పోయమన్నాడు.

బాపు నా చేయి గట్టిగా పట్టుకున్నాడు. నీళ్లు అంచుదాకా వచ్చాయి. జమేదారు గిన్నెను రెండు చేతులతో ఎత్తి కింద వైపు చూశాడు. ఒక్క చుక్క లేదు. ఒక్క అతుకు కదల్లేదు. "వాహ్" అన్నాడు. నేను బాపు వైపు చూశాను. ఒక్క క్షణం ఆయన మొహంలో పండగ కనబడింది. తన పని నిలబడిందన్న సంతోషం, అంతే. తర్వాత చేతులు జోడించి, "కొడుకు, సాబ్" అన్నాడు.

"అంగడి రోజు రమ్మంటి కదా" అన్నాడు జమేదారు. "అందరినీ నిన్న పొద్దున లారీల ఎక్కించిన్రు. వరంగల్ జైలు." గిన్నెలోని నీళ్లు పారబోసి, తుడవమని వంటవాడికిచ్చాడు. "మంచిగ చేసినవ్" అని కూడా అన్నాడు. బాపు గిన్నెను తిరిగి అడగలేదు. అతను జైలుకు ఒక మాట రాస్తాడేమోనని ఆశ. చాలాసేపు అక్కడే నిలబడ్డాం. సిపాయి పొమ్మన్నాక వచ్చాం.

ఊరి దారిలో బాపు ముందు, నేను వెనక. రొట్టె మూట నా చేతిలోనే ఉంది. "బాపూ, గింజలు నేనే తిన్న" అన్నాను. బాపు ఆగలేదు. "ఎర్కే బిడ్డ. మీ బాపమ్మకు పండ్లెక్కడియి" అన్నాడు. మరి నన్నెందుకు కొట్టలేదని అడిగాను. "ఆకలైంది, తిన్నవు" అన్నాడు. అంతే అని నడక పెంచాడు. ఆయన వీపు అదురుతోంది. నన్ను కొడితే బాగుండునని నా జన్మలో ఆ ఒక్కనాడే అనుకున్నాను.

అన్న రెండు వానాకాలాలు దాటాక వచ్చాడు. బాపమ్మ అప్పటికి లేదు. వాడు చిక్కి సగమయ్యాడు, కుడిచేయి మోచేతి పైకి లేవదు. తాడు ఇక నాదే అయింది. వాడు తరిమెన పక్కన కూర్చుని నేను గుంజుతుంటే చూసేవాడు. "అరే, చక్రాలు ఊడినయా నీకు, గింత కుదురెప్పుడొచ్చింది" అని నవ్వేవాడు. ఒకరోజు బాపు లేనప్పుడు వాడికి అంతా చెప్పాను. గింజలు, పిండి, ఊడిన ముక్క, ఆ రెండు రోజులు. ఏడుస్తూనే చెప్పాను.

అన్న నింపాదిగా విన్నాడు. "పిచ్చిదానా, అంగడికి ముందే మా పేర్లు రాసుకున్నరు. గిన్నె అందినా లారీ ఎక్కిచ్చేటోల్లే. ఆ జమేదారు అందరి ఇండ్లల్ల గట్లనే చెప్పిండు" అన్నాడు.

నాకు ప్రాణం లేచొచ్చింది. "ఒట్టు?" అన్నాను. మా ఇంట్లో ఒట్టంటే కుడిచేయి ఎదుటివాళ్ల నెత్తిన పెట్టి చెప్పాలి. వాడి చేయి లేవదు కదా. అందుకని నేనే వాడి ముందు కూర్చుని, తల వంచి, ఒళ్లో ఉన్న ఆ కుడిచేతి కిందికి పెట్టాను. వేళ్లు కదిలాయి. నా జుట్టు చెరిపాడు, పాపిట సరిచేశాడు, మళ్లీ చెరిపాడు. చాలాసేపు ఆ చేయి నా తల మీదే తిరిగింది. ఒట్టు అన్న మాట మాత్రం వాడి నోటినుంచి రాలేదు.

అన్న పోయి చాలా ఏళ్లయింది. ఈ సంగతి నేను ఎవరికీ చెప్పలేదు. మా ఇంట్లోవాళ్లు నా కోసం ఎన్ని అబద్ధాలైనా ఆడారు గానీ, అబద్ధపు ఒట్టు ఎవరూ పెట్టలేదు.